వ్రజంలో హోలీ, ఆనంద్‌పూర్‌లో హోలా



మన ఇళ్ళల్లో పెళ్ళయ్యాక వసంతాలాడుకోవడం మీరంతా ఎరిగిందే. పసుపూ సున్నమూ కలిపి గంగాళాల నిండా ఎర్రనీళ్ళు చేసి, వియ్యాలవారి మీద వీళ్ళూ వీళ్ళ మీద వియ్యాలవారూ చెంబులతో పోసుకుని, తెల్లబట్టలన్నీ పాడుచేసుకుని నవ్వుకుంటారు. నా పెళ్ళి 1978లో అయింది. ఆ వసంతాల నాటి ముచ్చట ఒకటి చెప్పి, అసలు సంగతిలోకి వస్తాను.

మా మేనత్త పదహారో ఏట పసుపుకుంకుమలు పోగొట్టుకుని పుట్టింటికి వచ్చేసిన మనిషి. నా పెళ్ళికి అరిసెల పాకం దగ్గర్నించి అప్పగింతల చీర మడతపెట్టడం దాకా అన్నీ ఆవిడ చేతి మీదుగానే జరిగాయి. కాని వసంతాలప్పుడు మాత్రం దొడ్డిగుమ్మంలో తలుపువార నిలబడి చూస్తోంది. ఎవరో పిల్లవాడు విసిరిన చెంబెడు నీళ్ళలో నాలుగు చుక్కలు ఆవిడ తెల్లచీర మీద పడ్డాయి. ఎవరూ ఏమీ అనలేదు. ఆవిడే గబగబా నూతి దగ్గరికి వెళ్ళి, ఆ కొంగు పట్టుకుని రుద్ది రుద్ది ఉతుక్కుంది. నేను పెళ్ళికూతుర్ని, బుట్టెడు పూలు తలలో పెట్టుకుని ఆ చప్పుడు వింటూ కూర్చున్నాను. అప్పుడు నాకేమీ తోచలేదు. ఇప్పుడు తోస్తోంది. ఏం లాభం, ఆవిడ లేదు.

2019 మార్చిలో మా వదినె, నేనూ కలిసి ఉత్తరాదికి వెళ్ళాం. అన్నయ్య పోయి అప్పటికి మూడేళ్ళు. వదినె గుళ్ళకి తప్ప ఎక్కడికీ కదలడం మానేసింది. "కాశీకైతే వస్తాను గాని, ఈ రంగులాటలకి నేనెందుకమ్మాయీ? నలుగురూ ఏమనుకుంటారు?" అంది. "బృందావనం కృష్ణుడి ఊరే కదా వదినా, అదీ యాత్రే" అని చెప్పి బయల్దేరదీశాను. రాజమండ్రి నుంచి విజయవాడ వచ్చి, అక్కడ ఢిల్లీ రైలెక్కి మధురలో దిగాం. దారిలో చదువుకోవడానికి రెండు మూడు చరిత్ర పుస్తకాలు వెంట తీసుకువెళ్ళాను. చదువుతూ, చూస్తూ, నాకు అర్థమైన సంగతి ఒకటుంది. మనం అనాదిగా వస్తున్నాయనుకునే ఆచారాలకి చాలావాటికి తేదీలున్నాయి. ఎవరో ఒక మనిషి, ఏదో ఒక ఏట, ఇక నుంచి ఇలా చేద్దాం అంటేనే అవి మొదలయ్యాయి.

వసంతంలో రంగులు చల్లుకోవడం మాత్రం నిజంగా పాతదే. శాతవాహన రాజు హాలుడి పేరుమీద వచ్చిన ప్రాకృత గాథల్లోనే ఫాల్గుణమాసపు సందడి ప్రస్తావన వుంది. ఏడో శతాబ్దిలో హర్షుడు 'రత్నావళి' నాటకంలో కౌశాంబీ నగరపు మదనోత్సవాన్ని వర్ణించాడు. వీధులన్నీ సుగంధపు పొడులతో ఎర్రబారడం, చిమ్మనగ్రోవులతో నీళ్ళు చిమ్ముకోవడం అన్నీ అందులో వున్నాయి. మనవాళ్ళేం తక్కువ తినలేదు. పధ్నాలుగో శతాబ్ది చివర కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డి ఏటేటా వసంతోత్సవాలు ఎంత వైభవంగా చేసేవాడంటే, ఆయన్ని కర్పూర వసంతరాయలు అనే పిలిచారు. ఆ ఉత్సవాలకి కావలసిన కర్పూరం, సుగంధద్రవ్యాలు ఓడల మీద తెప్పించి ఇచ్చిన వర్తకుడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చింది ఆయనకే. తెలంగాణా పల్లెల్లో కాముని పున్నమికి పిల్లలు జాజిరి పాటలు పాడడం, మోదుగుపూలు మరగబెట్టి రంగు తీయడం మీలో చాలామందికి తెలుసు. బర్సానాలో ఆ మోదుగునే టేసూ అంటారు. రాగిడేగిసాల్లో మరుగుతున్న ఆ పూలనీళ్ళ వాసన తగలగానే నాకు చుట్టాల ఊరికి వచ్చినట్టే అనిపించింది.

అయితే ఈ వసంతోత్సవం రాధాకృష్ణుల హోలీగా, వ్రజభూమి పండుగగా స్థిరపడడం వెనక మన దక్షిణాదివాళ్ళున్నారంటే మీరు నమ్ముతారా? పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు తెలుగు బ్రాహ్మణ కుటుంబంలోనివారు. తండ్రి లక్ష్మణభట్టు. కాశీమీద దండయాత్ర భయం వచ్చి తల్లిదండ్రులు దక్షిణానికి పోతుంటే దారిలో చంపారణ్యంలో, అంటే ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో, 1479లో ఈయన పుట్టారంటారు. శ్రీకృష్ణదేవరాయల సభలో కనకాభిషేకం పొందారని సంప్రదాయ గ్రంథాలు చెబుతాయి. ఆయన తల్లి పేరు ఏమిటనుకున్నారు? ఇల్లమ్మగారు. గుజరాతులోనూ రాజస్థానులోనూ తెలుగు ముక్క రాని భక్తులు ఈనాటికీ ఆ తల్లిని 'ఇల్లమ్మగారు' అనే అంటారు. మన 'గారు' ఆమె పేరులో కలిసిపోయి అయిదువందల ఏళ్ళుగా అక్కడే వుండిపోయింది. ఆ మాట చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. వదినెకి చెబితే, "అయితే అత్తగారి పేరు కోడళ్ళు పలికారన్నమాట" అని నవ్వింది. ఆ ప్రయాణంలో ఆవిడ నవ్వడం అదే మొదలు.

వల్లభులవారు గోవర్ధనగిరి మీద శ్రీనాథజీ సేవ ఏర్పాటు చేశారు. ఆ సేవకి రాగాలు, భోగాలు, అలంకారాలు పెంచి ఒక పద్ధతిలో పెట్టినది కుమారుడు విఠ్ఠలనాథులు. ఆ గుళ్ళల్లో హోలీ ఒక్కరోజు పండుగ కాదు. వసంతపంచమి నాడు స్వామి మీద పిడికెడు గులాలు చల్లడంతో మొదలై నలభై రోజులు సాగుతుంది.

ఇంకొకాయన నారాయణభట్టు. ఈయనది తమిళదేశపు మధుర. మనం అటు మీనాక్షమ్మ ఊరినీ మధుర అంటాం, ఇటు కృష్ణుడి ఊరినీ మధుర అంటాం. ఆయన ఆ మధుర నుంచి ఈ మధురకి వచ్చారు. పదహారో శతాబ్ది మధ్యకాలంలో వ్రజంలోని వనాలు, కొండలు, కొలనులు ఒక్కొక్కటీ తిరిగి, కృష్ణలీలలు ఏవేవి ఎక్కడెక్కడ జరిగాయో గుర్తించి, యాత్ర ఏ క్రమంలో చేయాలో 'వ్రజభక్తి విలాసం' అనే గ్రంథంలో వ్రాశారు. బర్సానా కొండమీది రాధమ్మ విగ్రహం ఈయనకే దొరికిందని అక్కడి గోస్వాముల నమ్మకం. కృష్ణుడు ఎప్పటివాడో గాని, మనం ఈనాడు చేసే వ్రజయాత్రకి దారి గీసిన వాళ్ళు మాత్రం అయిదువందల ఏళ్ళలోపు వాళ్ళే.

ఇక బర్సానా. ఫాల్గుణ శుద్ధ నవమినాడు జరిగే లఠ్‌మార్ హోలీ చూడడానికి వెళ్ళాం. ఇది రాధ పుట్టిల్లు. ఎనిమిది తొమ్మిది కిలోమీటర్ల దూరంలో వున్న నందగాఁవ్ కృష్ణుడి ఇల్లు. ఆనాడు నందగాఁవ్ మొగవాళ్ళు తలపాగాలు చుట్టుకుని, తోలు డాళ్ళు పట్టుకుని వియ్యపురం వచ్చినట్టు దర్జాగా వస్తారు. ముందు కొండెక్కి రాధమ్మ దర్శనం చేసుకుంటారు. ఆ తర్వాత రంగీలీ గలీ అనే సందులోకి దిగి అక్కడి ఆడవాళ్ళని వేళాకోళపు పాటలతో రెచ్చగొడతారు. ఇక చూడండి, బర్సానా కోడళ్ళు నిలువెత్తు కర్రలు తీసుకుని ధన ధన బాదుతారు. వాళ్ళు మోకాళ్ళమీద కూర్చుని డాలు నెత్తికి అడ్డం పెట్టుకోవాలే గాని తిరిగి చెయ్యెత్తకూడదు. దొరికిపోయినవాడికి చీరకట్టి ఆడిస్తారు. మర్నాడు దశమికి వరస తిరగబడుతుంది. బర్సానా మొగవాళ్ళు నందగాఁవ్ వెళ్ళి అక్కడి ఆడవాళ్ళ చేతి దెబ్బలు తింటారు. రెండు ఊళ్ళ గోస్వామి కుటుంబాలవాళ్ళే తరతరాలుగా ఇది ఆడుతున్నారు.

1877లో మధుర కలెక్టరుగా వున్న గ్రౌస్ దొర ఈ ఆట చూసి తన మధుర జిల్లా పుస్తకంలో వ్రాశాడు. ఆడవాళ్ళ పొడుగాటి వెదురుకర్రలు, మొగవాళ్ళ తోలు డాళ్ళు, ముసుగులు అన్నీ ఆయన చూసినట్టే ఇప్పుడూ వున్నాయి. ఆ ముసుగు దగ్గరే నా మనసు ఆగిపోయింది. చేతిలో కర్ర, మొహంమీద ముసుగు. అంత బలంగా కొడుతున్న ఆ కోడళ్ళలో ఒక్కరి మొహమూ మాకు పూర్తిగా కనపడలేదు. కొట్టే హక్కు ఏడాదికి ఒకరోజు. ముసుగు మాత్రం మూడువందల అరవై అయిదు రోజులూ. వాళ్ళకది ముచ్చటే, కాదనను. ఒకామె మాతో మాట్లాడుతూ, ఆ రోజుకోసం ముందునుంచీ పాలూ నెయ్యీ బాగా తింటానని మురిసిపోతూ చెప్పింది. మన తెలంగాణాలో కొన్ని లంబాడీ తండాల్లో కూడా హోలీకి ఆడవాళ్ళు వంటగిన్నెకు కాపలా కాసి, ఎత్తుకుపోవడానికి వచ్చిన మొగవాళ్ళని కర్రలతో తరుముతారు. ఆ లంబాడీ ఆడవాళ్ళు మొహం దాచుకోరు, ఎదురెదురుగా నిలబడే కొడతారు.

ఇంకోమాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ సందుల్లో పైవూళ్ళ నుంచి వచ్చిన కుర్రకారు భంగు తాగి, రంగు పేరు పెట్టుకుని ఆడపిల్లల మీద చేతులు వేయడం కళ్ళారా చూశాం. మా ఒంటిమీదికీ వచ్చారు. అరవై ఏళ్ళవాళ్ళమని కూడా చూడలేదు. ఒక ముసలామె వదినె రెక్క పట్టుకుని వాళ్ళింటి అరుగుమీదికి లాగి తలుపు వేసింది కనక సరిపోయింది. పత్రికల్లో వచ్చే రంగురంగుల ఫొటోల్లో ఈ సంగతి వుండదు. కర్ర పట్టుకున్న ఆడదాన్ని చూసి చప్పట్లు కొట్టినవాడే, కర్ర లేని ఆడది కనపడితే అలా చేశాడు.

బర్సానా నుంచి బృందావనం వచ్చాం. ఈ యాత్రలో నేను అసలు చూడాలనుకున్నది ఇక్కడే వుంది. బృందావనంలో ఏ సందు చూసినా తెల్లచీరల ముసలమ్మలు కనపడతారు. ఎక్కువమంది బెంగాలువాళ్ళు. చైతన్య మహాప్రభువూ, ఆయన శిష్యులైన గోస్వాములూ పదహారో శతాబ్దిలో ఈ క్షేత్రాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చిన నాటినుంచీ బెంగాలీలకి ఇది పుణ్యభూమి. భర్త పోయిన ఆడవాళ్ళు భక్తితో తమంతట తామే వచ్చిన మాట కొంత నిజం. భాగం అడుగుతుందనో, తిండి దండుగనో అయినవాళ్ళే తీసుకువచ్చి వదిలేసిపోయిన మాట ఇంకా ఎక్కువ నిజం. వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే ఒప్పుకుంది. మా ఊళ్ళో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న చేయించారు. అయినా ఆ తర్వాత వందేళ్ళు గడిచినా ఈ తల్లులు భజనాశ్రమాల్లో గంటల తరబడి నామం చెప్పి, గుప్పెడు బియ్యమూ నాలుగు చిల్లర డబ్బులూ పుచ్చుకుని బ్రతికారు. ఊరంతా నలభై రోజులు రంగుల్లో మునుగుతుంటే వీళ్ళు గదుల్లో తలుపులు వేసుకుని కూర్చునేవారు. కృష్ణుడి ఊళ్ళో కూడా రంగు వీళ్ళది కాదు!

2012లో వీరి దుస్థితి సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. చనిపోతే సరైన అంత్యక్రియలు కూడా జరగడం లేదన్న సంగతి అక్కడ చర్చకి వచ్చింది. ఆ తర్వాత సులభ్ సంస్థ వ్యవస్థాపకులు బిందేశ్వర్ పాఠక్‌గారు వీళ్ళకి నెల నెలా భృతి, వైద్యం ఏర్పాటు చేయడానికి పూనుకున్నారు. 2013లో ఆశ్రమం ఆవరణలో వీళ్ళచేత మొదటిసారి హోలీ ఆడించారు. 2016లో ఆశ్రమం గోడ దాటి గోపీనాథ్ మందిరంలో, నలుగురి ఎదుటా ఆడారు. పాఠక్‌గారు 2023లో కాలం చేశారు. ఆయనమీద ఎవరెవరికి ఏ అభిప్రాయాలున్నా, ఈ ఒక్క పనికి నేను దణ్ణం పెడతాను.

మేం వెళ్ళేసరికి ఆ పాతగుడి ప్రాంగణమంతా బంతిరేకులు, గులాబిరేకులు గుట్టలుగా పోసివున్నాయి. కొందరు ముసలమ్మలు చిన్నపిల్లల్లా ఒకళ్ళమీద ఒకళ్ళు రేకులు పోసుకుంటున్నారు. ఇంకొందరు మొదట్లో గోడవారనే వుండిపోయారు. ఒకావిడ అరచేతిలో గులాలు పోస్తే ఏం చేయాలో తోచక అలా పట్టుకునే నిలబడింది. ఆ నిలబడడం చూస్తే నాకు మా మేనత్తే కళ్ళముందు మెదిలింది.

వదినె నా వెనకే వుంది. ఒక బెంగాలీ మామ్మ, ఎనభై ఏళ్ళు వుంటాయేమో, పళ్ళు ఒక్కటీ లేవు, దగ్గరికి వచ్చి వదినె మెడ వంక చూసింది. నుదుటి వంక చూసింది. ఆడవాళ్ళకి ఆ చూపులు తెలుస్తాయి కదండీ. ఒక్క ముక్క మాట్లాడకుండా వదినె రెండు బుగ్గలకీ గులాలు పూసి, కొంగు మీద ఎర్రరంగు నీళ్ళు ఒంపేసి ఫక్కున నవ్వింది. వదినె ఒక్కక్షణం బిగుసుకుపోయింది. తర్వాత వంగి దోసెడు రేకులు తీసి ఆ మామ్మ తలమీద పోసింది. బసకి వచ్చాక అద్దంలో చూసుకుని, "మీ అన్నయ్య చూస్తే ఏమనేవారో?" అంది. "ఫొటో తీసేవాడు" అన్నాను. మా అన్నయ్యకి ఫొటోల పిచ్చి.

హోలీ ఇంకా వుండగానే బృందావనం వదిలి, ఢిల్లీ మీదుగా ఊనా వెళ్ళే రైలెక్కి పంజాబులోని ఆనంద్‌పూర్ సాహిబ్ చేరాం. కృష్ణుడి ఊరికీ సిక్కుల క్షేత్రానికీ ఏమిటి సంబంధం అని మీరడగవచ్చు. చరిత్రలో చాలా వుంది. ఔరంగజేబు కాలంలో 1669లో శ్రీనాథజీని బండిమీద గోవర్ధనం దాటించి తీసుకుపోయారు. 1672లో మేవాడులో ఇప్పటి నాథద్వారలో ప్రతిష్ఠించారు. మధుర కేశవదేవాలయం 1670లో నేలమట్టమైంది. 1675లో గురు తేగ్‌బహదూరుకి ఢిల్లీలో శిరచ్ఛేదం జరిగింది. అప్పటికి ఆయన కుమారుడికి తొమ్మిదేళ్ళు. ఆ పిల్లవాడే పదవ గురువు గోవిందసింహుడు. ఆయన కొలువులో కవులు వ్రాసింది ఎక్కువగా వ్రజభాషలోనే. కృష్ణుడి కథ కూడా 1688లో ఆ కొలువులో వ్రజభాషా పద్యాలుగా వెలసింది. బర్సానాలో ఆ ఆడవాళ్ళు మాట్లాడుతుంటే విన్న భాషే శివాలిక్ కొండల కింద కత్తులు నూరే చోట కవిత్వపు భాష అయింది.

ఆనంద్‌పూర్‌ని 1665లో తేగ్‌బహదూర్‌గారే కట్టించి, తల్లి నానకీదేవి పేరున చక్‌నానకీ అని పేరు పెట్టారు. 1699 వైశాఖికి గోవిందసింహుడు ఇక్కడే కేశ్‌గఢ్‌లో ఖాల్సా స్థాపించారు. తల ఇవ్వడానికి ఎవరు ముందుకు వస్తారని అడిగితే లేచిన అయిదుగురిలో సాహిబ్‌సింగ్ అనే ఆయనది మనకి దగ్గరగా వున్న బీదరు. ఆయన కులవృత్తి క్షౌరం అని చెబుతారు. పవిత్రజలాన్ని కత్తితో కలుపుతుంటే అందులో బతాసాలు వేసి తీపి చేసింది గురుపత్ని అని సిక్కు గాథ. శౌర్యానికి తీపి ఆవిడ జోడించింది.

ఇక హోలా సంగతి. సంప్రదాయం ప్రకారం 1701లో గురువు హోలీ మర్నాడు, చైత్రం తొలిరోజున, హోల్‌గఢ్ కోట దగ్గర తన మనుషుల్ని రెండు జట్లుగా విడదీసి ఉత్తుత్తి యుద్ధం చేయించారు. ఒక జట్టు కోట పట్టాలి, ఇంకో జట్టు కాచుకోవాలి. గెలిచినవాళ్ళకి బహుమతులు. హోలీ అన్న మాటని పుంలింగం చేసి హోలా అన్నారు. మొహల్లా అంటే దాడి, దాడిచేసే చోటు అని భాయీ కాహన్‌సింగ్ నాభా 1930లో వెలువరించిన మహాకోశంలో అర్థం చెప్పారు. కొండరాజులూ, మొగలు సైన్యాలూ నెత్తిమీద కూర్చున్న రోజులవి. చిత్తుగా తాగి బురద చల్లుకునే పండుగ ఆయనకి పనికిరాలేదు, కవాతు కావలసివచ్చింది. అలా అని రంగు మానేయలేదు. ఆ కొలువులోని భాయీ నందలాల్ పారసీలో వ్రాసిన గజల్లో హోలీ గులాలు, పన్నీరు, కుంకుమపువ్వు అన్నీ వున్నాయి. ఆడదాని పేరు మగవాడి పేరయ్యేసరికి పండుగ శౌర్యమైందా అని నేను మొదట కొంచెం ముక్కు విరిచాను. చూశాక కొంత వెనక్కి తీసుకున్నాను.

చరణ్‌గంగ వాగు ఇసుకమేటల్లో నిహంగులు నీలిబట్టలు కట్టి, ఉక్కుచక్రాలు తొడిగిన ఎత్తయిన తలపాగాలతో, గుర్రాలమీద గాలిలా పోతూ నేలలో దిగేసిన మేకుని ఈటెతో లేపేస్తారు. రెండు గుర్రాలమీద రెండు కాళ్ళు పెట్టి నిలబడి కళ్ళాలు పట్టుకుని వెళ్ళిపోతారు. గత్కా అనే కర్రసాములో చిన్నపిల్లలు కూడా కత్తులు తిప్పుతుంటే నా గుండె గొంతులోకి వచ్చింది. ఆ గత్కా జట్లలో ఆడపిల్లలున్నారు. జడలు తలపాగాలో దోపుకుని, మొహాలు విప్పుకుని, కళ్ళలోకి చూస్తూ కత్తి తిప్పుతున్నారు. మూడవ గురువు అమర్‌దాసు పదహారో శతాబ్దిలోనే ఘోషా వద్దన్నారు, సతి తప్పన్నారు. బర్సానా సందులో చూసిన ముసుగులు గుర్తుకువచ్చి, ఆ పిల్లల్ని ఇంకాస్సేపు చూస్తూ నిలబడిపోయాను. అన్ని సిక్కు ఇళ్ళల్లోనూ ఆడపిల్లకి అంత ఆదరం వుందనుకోకండి. పంజాబులో పుట్టకుండానే పోయిన ఆడపిల్లల లెక్కలు జనాభా లెక్కల్లో చూసి మనమంతా సిగ్గుపడ్డ సంగతే. గురువు చెప్పింది ఒకటి, ఇల్లు చేసింది ఇంకొకటి. మనకి తెలియనిదా?

లంగరులో భోజనం చేశాం. ఆ ఊరికి వచ్చే రోడ్ల పొడుగునా చుట్టుపక్కల గ్రామాలవాళ్ళు బళ్ళు ఆపి మరీ తినిపోమని బతిమాలుతారు. లంగరు మొదలైన తొలిరోజుల్లో దాన్ని నడిపినది రెండవ గురువు భార్య మాతా ఖీవీ. నేతి పాయసం వడ్డించిన తల్లిగా ఆమె పేరు గురుగ్రంథంలోనే వుంది. మధ్యాహ్నం వదినె కనపడకపోతే కంగారుపడి వెదికాను. వంటశాలలో యాభైమంది ఆడవాళ్ళ మధ్య కూర్చుని రొట్టెలు ఒత్తుతోంది. ఆవిడకి పంజాబీ రాదు, వాళ్ళకి తెలుగు రాదు. పిండి ముద్దలు అందిస్తున్నారు, ఒత్తుతోంది. అక్కడ నుదురు చూసి పీట వేసినవాళ్ళు లేరు.

అక్కడ విన్న కథ ఒకటి చెప్పకపోతే నాకు తోచదు. ఆనంద్‌పూర్‌ని శత్రువులు నెలల తరబడి ముట్టడించినప్పుడు ఆకలికి ఆగలేక నలభైమంది మాఝా సీమవాళ్ళు, నువ్వు మాకు గురువు కాదు, మేం నీకు శిష్యులం కాము అని కాగితం వ్రాసిచ్చి వెళ్ళిపోయారు. ఝబాల్ అనే ఊళ్ళో పుట్టిన మాయీ భాగో వాళ్ళని నలుగురిలో నిలబెట్టి సిగ్గు తెప్పించింది. తానే గుర్రమెక్కి వాళ్ళని వెనక్కి నడిపించింది. 1705లో ఖిద్రానా చెరువు దగ్గర జరిగిన పోరులో ఆ నలభైమందీ ప్రాణాలిచ్చారు. గురువు ఆ కాగితం చింపేశారు. ఆ చోటే ఇప్పటి ముక్త్‌సర్. గాయాలతో బయటపడిన భాగో ఆ తర్వాత గురువు పరివారంతో దక్షిణానికి, గోదావరి ఒడ్డున నాందేడుకి వచ్చింది. 1708లో గురువు అక్కడే పరమపదించారు. ఆమె మళ్ళీ పంజాబు వెళ్ళలేదు. బీదరు దగ్గర జన్‌వాడాలో స్థిరపడి, వృద్ధాప్యం వరకూ అక్కడే వుండి కన్నుమూసింది.

నాందేడూ బీదరూ 1956 దాకా మన హైదరాబాదు రాష్ట్రంలోవే. ఆ నాందేడు దాటిన గోదావరే బాసరకి వచ్చి, చివరికి మా రాజమండ్రి రేవులో మెట్లు తడుపుతుంది. మా బడి పుస్తకాల్లో ఝాన్సీ లక్ష్మీబాయి వుంది, రుద్రమదేవి వుంది. పొరుగున నిద్రపోతున్న ఈ తల్లి పేరు మాత్రం నాకు అరవయ్యో ఏట, పంజాబులో తెలిసింది.

మీలో ఎవరైనా వెళ్ళదలచుకుంటే రెండు మాటలు. అంతదూరం పోలేనివాళ్ళు నాందేడులోనే హోలా చూడవచ్చు. హైదరాబాదు నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగుతారు. వ్రజానికి వెళ్ళేవాళ్ళు బర్సానాకి ఒంటరిగా వెళ్ళవద్దు. నలుగురైదుగురు ఆడవాళ్ళు కలిసి, పొద్దున్నే వెళ్ళి, ఏ మేడమీదో చోటు చూసుకుని కూర్చోండి, సందులోకి దిగకండి. బస నవమికి చాలా ముందే చూసుకోవాలి. తలకీ ఒంటికీ కొబ్బరినూనె దట్టంగా రాసుకోండి. ఆనంద్‌పూర్‌లో తల కప్పుకోవడానికి గుడ్డ వుంచుకోండి, ఎండకి కూడా పనికొస్తుంది. పాత చీరలే కట్టుకోండి. మోదుగుపూల రంగయితే రెండు ఉతుకులకి పోతుంది. బజారు రంగు మాత్రం ఓ పట్టాన పోదు. వదినె కొంగుది ఇంకా పోలేదు. ఉతికినప్పుడల్లా చూస్తున్నాను, ఆవిడ అక్కడ సబ్బు పెట్టి రుద్దడం లేదు.